అరవై నాలుగు అక్షరాల గుర్తు

మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, అతను ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పొద్దున ఎనిమిదిన్నర. పదింటికి ఆఫీసులో పెద్దలకు చూపించబోయే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఫైలది. ఫైలు మీద అతని పేరుంది. కింద మాత్రం "ఇది పాత ఫైలే, చేసింది ఫలానా" అని ఆమె పేరు.

"పదింటిలోపల ఆ కింది లైను పోవాలి" అన్నాడు.

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. అతను ఆమెకు టీమ్ లీడరు. ఎక్కడెక్కడినుంచో వచ్చిపడే ప్యాకేజీ ఫైళ్లలో ఏది ఏదో తేల్చే ఈ ప్రోగ్రాంని ఆమె మూడు నెలలు కూర్చుని రాసింది. కూర్చుని అనడం కూడా తప్పే, సగం పొయ్యి దగ్గర నిలబడే రాసింది. అది ఫైలు పేరు చూడదు. లోపలున్నదంతా లెక్కకట్టి అరవై నాలుగు అక్షరాల గుర్తు తీస్తుంది, దాన్నే హ్యాష్ అంటారు. ఆ గుర్తు ముందే తన జాబితాలో ఉంటే పాత ఫైలని చెప్పి, మొదట ఎవరి పేరు మీద ఎక్కిందో చూపిస్తుంది. పేరు ఎన్నిసార్లు మార్చినా ఆ గుర్తు మారదు. లోపల ఒక్క కామా మారిందా, గుర్తు మొత్తం మారిపోతుంది. మహానుభావుడు ఆ ప్రోగ్రాం ఫైలుకే తన పేరు తగిలించుకున్నాడు. అది కాస్తా తనను తానే గుర్తుపట్టి గుట్టు బయటపెట్టేసింది.

"ఇదేంటండీ, నాది మీ పేరు మీద పెట్టారు?"

"ఇంట్లోదేగా, ఎవరి పేరుంటే ఏంటి? ఎక్కడైనా ఒక స్పేస్ కొట్టు, పోతుంది. నువ్వే చెప్పావుగా అప్పుడు."

"చిన్న పనికి అంత ఆలోచనేంటమ్మా?" అంది అత్తగారు టీ తాగుతూ. "వాడు పైకొస్తే నువ్వు రానట్టా?"

పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఇలాంటి చిన్న పనులు ఎన్ని చేసిందో. అతని ఉత్తరాలు, ఆడపడుచు అప్లికేషన్లు, మీటింగుల్లో అతను చెప్పే నాలుగు ముక్కలు. తనే చేశానని చెప్పుకోవడానికి ఎక్కడా ఏమీ మిగల్లేదు, ఈ అరవై నాలుగు అక్షరాలు తప్ప. వాటినీ తన చేత్తోనే తుడిచెయ్యమంటున్నారు. ఆఫీసులో చెప్పుకుందామంటే, ఫిర్యాదు ఇవ్వాల్సింది టీమ్ లీడరుకే. ఆమెకు ఏడుపొచ్చింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది.

"నేను చెయ్యను" అంది.

అత్తగారు నోరెళ్లబెట్టింది. అతను నవ్వాడు. "ఆ మాత్రం నాకు రాదా?" అని ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. ఎక్కడ కొట్టాలో తెలియక కాసేపు తడుముకుని, చివరి లైను చివర ఒక స్పేస్ కొట్టి, ప్రోగ్రాం మళ్లీ నడిపాడు. గుర్తు మొత్తం మారిపోయింది. "కొత్త ఫైలు" అని, కింద అతని పేరు వచ్చింది.

ఫైలు ఆఫీసుకు పంపేసి, ల్యాప్‌టాప్ తెరిచే వదిలి, ఒక చెయ్యి ఇస్త్రీ కాని చొక్కానే తొడుక్కుని అతను వెళ్లిపోయాడు. ఆమె ఫైల్లో ఆ చివరి లైను చూసింది. అంత పెద్ద ఫైల్లో అతను తన చేత్తో చేసిన పని ఆ ఖాళీ ఒక్కటే.