గోడంత సముద్రం

నేను ఒక చిల్లర్‌ని. పేరు విని చిల్లర డబ్బులతో నాకేదో చుట్టరికం ఉందనుకునేరు, అదేమీ లేదు. ఇంట్లో ఉప్పునీటి చేపల్ని పెంచేవాళ్లు టాంకులో నీళ్లు వేడెక్కకుండా పెట్టుకునే యంత్రాన్ని. నీళ్లు నా ఒంట్లోకి ఒక గొట్టంలోంచి వస్తాయి, చల్లబడి ఇంకో గొట్టంలోంచి వెళ్లిపోతాయి. వాటిలోంచి లాగిన వేడిని మనుషులున్న గదిలోకి ఊదుతాను. చేపలు హాయిగా ఉండాలంటే ఇంట్లోవాళ్లకు చెమట పట్టాలన్నమాట. అందుకే నన్నెవరూ ముచ్చటపడి కొనరు. దీపాలు కొంటారు, అలలు పుట్టించే పంపులు కొంటారు, రంగురంగుల చేపలు కొంటారు. నా దగ్గరికి ఆఖర్న, తప్పనిసరైతే వస్తారు.

నేను తయారైంది పరాయి దేశపు ఫ్యాక్టరీలో. మొదట నన్ను కొన్నది హైదరాబాదులో ఒక హోటల్ యజమాని. గుమ్మం పక్కన పెద్ద టాంకు పెట్టించాడు. బిర్యానీ కోసం కాచుకు కూర్చున్నవాళ్లు దాని ముందు ఫోటోలు దిగేవారు. నా చప్పుడు వాళ్లకు ఇబ్బందని, జనం ఎక్కువగా వచ్చే సాయంత్రాల్లో నన్ను ఆపేసేవాడు. చేపలు చచ్చిపోతే కొత్తవి తెప్పించేవాడు. ఫోటోల్లో పాత చేపకూ కొత్త చేపకూ తేడా తెలియదు కదా. కొన్నాళ్లకు ఆ మోజూ తీరిపోయి టాంకు తీయించేశాడు. నేను చేతులు మారి విశాఖపట్నం చేరాను. సీతమ్మధారలో పైడిరాజు అనే ఆయనకు చేపల సామాన్ల షాపు ఉంది. అక్కడ ఒక మూల, ఖాళీ టాంకుల వెనక కూర్చోబెట్టారు.

ఒక మధ్యాహ్నం ఆ షాపుకు భార్యాభర్తలు వచ్చారు. ఆయన పేరు కృపానందం, కట్టడాల ఇంజనీరు. ఆవిడ జయశీల, చక్రాల కుర్చీలో ఉంది. ఆవిడ సముద్ర జీవుల మీద పరిశోధన చేసిన మనిషి. గాలి సిలిండరు వీపుకు కట్టుకుని సముద్రం అడుగుకు దిగి, అక్కడి పగడాలూ చేపలూ ఎలా ఉన్నాయో చూసి రావడం ఆవిడ ఉద్యోగం. ఒకసారి తోటి మనిషికి అడుగున గాలి అందకపోతే, అతన్ని పట్టుకుని ఉన్నపళంగా పైకి వచ్చేసింది. అంత లోతునుంచి అలా రాకూడదట, రక్తంలో గాలి బుడగలు పుడతాయట. అతను బతికాడు. ఆవిడ వెన్నుపాము దెబ్బతిని, నడుం కింద స్పర్శ పోయింది. ఇవన్నీ తర్వాత వాళ్లింట్లో విన్న మాటల వల్ల తెలిసిన సంగతులు.

"సార్, టాంకు ఎంత పొడుగు అనుకుంతన్నారు?" అని పైడిరాజు అడిగాడు.

"గోడంతా," అన్నాడు కృపానందం.

"ఎండాకాలం మీ షాపులో నీళ్లు ఏమాత్రం వేడెక్కుతాయండీ?" అని అడిగింది జయశీల.

పైడిరాజు కృపానందం వైపే చూస్తూ, "ముందు లైట్లు చూడండి సార్, అదిరిపోతాయి," అన్నాడు.

ఆవిడ ఇక అతన్ని అడగలేదు. కుర్చీ తిప్పుకుంటూ సామాన్ల మధ్యకు వచ్చింది. నన్ను చూసి ఆగింది. "దీన్ని ఒకసారి ఆన్ చెయ్యండి," అంది. నా ఫ్యాను తిరిగింది. ఆవిడ నా పక్క రేకు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు విన్నది.

"బానే ఉందండీ. ఇది తీసుకుందాం," అంది భర్తతో. "ముందు ఇది. తర్వాత మురికిని నురుగులా పైకి లాగే స్కిమ్మరు, ఆ తర్వాత పంపులు. లైట్లకి తొందర్లేదు. నీళ్లు కుదురుకోడానికి కొన్ని నెలలు వదిలేసి, అప్పుడు ఒక్కో చేపా వేసుకుందాం."

"పాతది జయా. ఈ చప్పుడుకి నీకు నిద్ర పట్టదు," అన్నాడు కృపానందం. "అలిసిపోయావు, ఇంటికెళ్దాం. నేను చూసుకుంటాను కదా."

ఎంత ప్రేమగా అన్నాడో ఆ మాట. ఆవిడ చెయ్యి మాత్రం నా మీదనుంచి మెల్లగా జారిపోయింది.

తర్వాతి వారం ఆయన ఒక్కడే వచ్చాడు. పెళ్లిరోజు దగ్గరపడింది, ఆవిడకు తెలియకుండా ఏర్పాటు చెయ్యాలట. గోడంత టాంకు, మిరుమిట్లు గొలిపే దీపాలు, అలల పంపులు, నీళ్లలో కలిపే పరదేశపు ఉప్పు బస్తాలు, చేపలు కూడా ఒకేసారి కొనేశాడు.

"మరి చిల్లరో సార్?" అన్నాడు పైడిరాజు.

"మేముండేది లాసన్స్ బే దగ్గర. సముద్రం గాలి కొడుతూనే ఉంటుంది. అవసరమైతే చూద్దాం."

అవసరం మే నెలలో వచ్చింది. చొక్కా అంతా తడిసిపోయి, షాపు మెట్లమీదనుంచే అరిచాడు కృపానందం. "ఆ చిల్లర్ ఇచ్చీయండి! ఉందా, అమ్మీసారా?"

అలా ఆ ఇంటికి చేరాను. హాలు నిండా ఉప్పు వాసన, చచ్చిన చేపల వాసన. టాంకులో ఐసు సీసాలు తేలుతున్నాయి. బతికున్న చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పసుపు రంగు సీతాకోక చేప ఒకటి రాయి వెనక పక్కకు ఒరిగిపోయి, రెక్క ఒక్కటే ఆడిస్తోంది. జయశీల టాంకు పక్కన కూర్చుని, చచ్చినవాటిని చిన్న వలతో తీసి ఒళ్లో పరిచిన తువ్వాలు మీద పెడుతోంది. ఏడవడం లేదు. కృపానందం నాకు గొట్టాలు తగిలించబోయాడు.

"అది కాదు, రెండోది," అంది ఆవిడ. "ఐసు సీసాలు తీసేయండి. ఒకేసారి చల్లబరిస్తే ఉన్నవి కూడా పోతాయి. నెమ్మదిగా తగ్గాలి."

నేను చెయ్యగలిగింది చేశాను. సీతాకోక చేప దక్కలేదు. పొద్దుగూకేసరికి తెల్లచారల నారింజ రంగు చేపలు రెండు మిగిలాయి. నా వేడిగాలికి గది ఉడికిపోతోంది. ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.

"నీకోసమే కదా జయా చేసింది," అన్నాడాయన.

"తెలుసు," అంది. తువ్వాలు మడతపెట్టింది. "ఆస్పత్రి మీరే చూశారు. ఈ కుర్చీ మీరే చూశారు. ఈ ఫ్లాటూ, ఈ గోడల రంగూ మీరే. నేనేమీ అనలేదు. సముద్రం నాకు తెలుసు కదండీ. ఇన్నేళ్లు అందులో దిగాను. దాని గురించైనా నన్నడగాలి కదా. నేను షాపులో నోరు తెరిచి చెప్పాను కూడా."

"అడిగితే..." అన్నాడాయన.

"అడిగితే?"

"సముద్రం మాటెత్తితే నువ్వు మళ్లీ దిగుతానంటావని భయం."

"అందుకేనా సముద్రం వైపు కిటికీకి అంత మందం తెర?"

"నిన్ను బోటులోంచి ఎలా దింపారో నువ్వు చూళ్లేదు జయా. నీకు స్పృహ లేదు. నేను ఒడ్డున నిలబడి చూశాను. నలుగురు పట్టుకుంటే నీ కాళ్లు వేలాడిపోతున్నాయి." ఆయన టాంకు వైపు చూపించాడు. "ఇంట్లోనే తెచ్చి పెట్టేస్తే, ఇంక ఆ వైపు వెళ్లక్కర్లేదనుకున్నాను."

జయశీల తువ్వాలు మూటను ఒళ్లో పెట్టుకుని, గాజు అవతల ఆ రెండు చేపల్నీ చూస్తూ ఉండిపోయింది. మనుషులు ఒకరి భయాన్ని ఒకరు చూడకుండా ఒకే ఇంట్లో ఇన్నాళ్లు ఎలా ఉంటారో నాకు అర్థం కాలేదు. నాకు తెలిసింది నీళ్ల సంగతే.

ఆ తర్వాత టాంకు పెత్తనం ఆవిడ చేతికి వచ్చింది. సగం దీపాలు తీయించింది. కొత్త చేపలు వద్దంది. ఆ రెంటినీ, రాళ్లలోంచి తమంతట తాము పుట్టుకొచ్చే చిన్న చిన్న పురుగుల్నీ నత్తల్నీ చూస్తూ కూర్చునేది. ఇల్లు మాత్రం కుదుటపడలేదు.

"నన్నొకసారి తీసుకెళ్లండి," అంది ఒక రోజు.

"ఎక్కడికి?"

"ఎక్కడికో మీకు తెలుసు."

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి అవతలి గదిలోకి వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఇద్దరూ ఉప్పు, అన్నం, మందుబిళ్లల గురించి తప్ప మాట్లాడుకోలేదు. ఆవిడ మళ్లీ అడగలేదు. ఆవిడ అడగకపోవడం ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందనుకుంటాను. అటూ ఇటూ తిరిగేవాడు, నా ఎదురుగా వచ్చి నిలబడి, ఏమీ చెయ్యకుండా వెళ్లిపోయేవాడు.

కొన్నేళ్లకు నాలో గ్యాసు కారిపోయింది. నా చోట కొత్త యంత్రం వచ్చింది, దాన్ని ఎంచినది జయశీలే. నన్ను పైడిరాజు వెనక్కి తెచ్చి షాపు వెనక రేకుల కింద పెట్టాడు. పాత టాంకులూ విరిగిన పంపులూ నాకు తోడు. ఎవరైనా వచ్చి గోడంత టాంకు కావాలంటే, "ముందు మా మేడంతో మాటాడండి," అని అతను జయశీలకు ఫోన్ కలిపి ఇవ్వడం ఇక్కడికి వినిపిస్తుంది. కదలకుండా పడి ఉన్నవాళ్లకు జ్ఞాపకాలే పని. నేను ఎక్కువగా తలుచుకునేది, వాళ్లిద్దరూ ముక్తసరిగా మాట్లాడుకున్న ఆ వారం తర్వాతి ఒక చలికాలపు ఉదయాన్ని.

కృపానందం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పాంటు మోకాళ్ల దాకా మడుచుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"జయా, ఇసకలోకి చెప్పులు వేసుకోవాలా, వద్దా?" అని అడిగాడు.

ఆవిడ కాఫీ తాగుతూ ఆగిపోయింది. "వద్దు," అంది మెల్లగా. "తడి ఇసక మీద పాదాలకే పట్టు దొరుకుతుంది."

"కుర్చీ ఎంతదాకా వస్తుంది?"

"గట్టి ఇసకదాకా. అక్కణ్ణించి మీరు ఎత్తుకోవాలి. అల వచ్చినప్పుడు దానికి పక్కకి తిరిగి నిలబడాలి. ఎదురు నిలబడకూడదు."

ఆయన ఒక్కొక్కటీ అడిగాడు, ఆవిడ ఒక్కొక్కటీ చెప్పింది. తలుపు మూసుకుంది. టాంకులో చేపలూ నేనూ మిగిలాం.

తిరిగి వచ్చేసరికి ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు. జయశీల చీర కొంగు నిండా ఇసక. పెదవులు నీలంగా మారి, ఒళ్లంతా వణుకుతోంది. ఆయన తువ్వాలు తెచ్చి కప్పి, ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. అప్పుడు ఆవిడ ఏడ్చింది. ఆ ఇంట్లో ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

"అల కాళ్లకి తగిలితే తెలీలేదండీ," అంది. "చూస్తూనే ఉన్నాను, కాళ్లమీదనుంచి వెళ్లిపోతోంది. నడుం దగ్గరికొచ్చేదాకా తెలీనే లేదు."

ఆయన ఆవిడ పాదాలకు అంటిన ఇసకను చేత్తో తుడుస్తూ ఉండిపోయాడు.

"నాకు తెలిసింది. చెప్పనా?" అన్నాడు.

ఆవిడ తలూపింది.

"మొదట చురుక్కుమంది. తర్వాత ఆ చలి తెలీలేదు. అల వెనక్కెళ్తుంటే కాళ్ల కింద ఇసకంతా జారిపోతోంది. మడమల దగ్గర గుంట పడిపోతోంది. నేల నన్ను వదిలేసి వెళ్లిపోతోందనిపించింది జయా. పడిపోతాం ఇద్దరం అనుకున్నాను."

"కదిలారా మరి?"

"లేదు. నువ్వు చెప్పినట్టు పక్కకి తిరిగి నిలబడ్డాను."

"తర్వాత?"

"తర్వాత ఇసక పాదాల మీదికి ఎక్కి కప్పేసింది. గట్టిగా పట్టుకుంది."

ఆవిడ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. "అలాగే ఉంటుంది," అంది. "ఇంకా చెప్పండి."