ల్యాప్‌టాప్‌లో లేనిది

"ఊరికే కూర్చోకపోతే ఈ చొక్కా కాస్త ఇస్త్రీ చెయ్యరాదూ," అన్నాడు మా ఆయన, నా ల్యాప్‌టాప్‌ని తన సంచీలో సర్దుకుంటూ.

చేశాను. ఆ చొక్కా తొడుక్కుని అతను వెళ్తున్నది నా ప్రోగ్రాం అమ్మడానికి. పళ్ళ డాక్టర్ల దగ్గర జనం గంటల తరబడి పడిగాపులు పడకుండా వరస చూసే ప్రోగ్రాం అది. జ్వరమొచ్చిన పిల్లని ఒళ్ళో వేసుకుని రాశాను, పొయ్యి మీద పాలు ఓ కంట కనిపెడుతూ రాశాను. "ఎప్పుడూ ఆ టకటకలేనా," అని విసుక్కున్న అత్తగారే, కొనేవాళ్ళు దొరకగానే "మావాడి బుర్రే బుర్ర" అన్నారు. నా పేరు కూడా పెట్టమని అడిగితే, "మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటి?" అని నవ్వాడు ఈయన. సొమ్మొకడిది, సోకొకడిది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పాపం, ప్రోగ్రామంతా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉందనుకున్నాడు. సినిమాలకు చోటు చాల్లేదని మా మరిది ఒకసారి నా ఫోల్డరు తీసిపారేశాడు. "అవి పనికొచ్చేవనుకోలేదు వదినా," అన్నాడు తాపీగా. అప్పట్నుంచీ ఏ పూట రాసింది ఆ పూటే దూరాన సర్వర్లో ఉన్న రిపాజిటరీకి, అంటే ప్రోగ్రాములు దాచుకునే కొట్టుకి, పంపేసి, ఇక్కడ తుడిచేస్తాను. కావలసినప్పుడు మళ్ళీ దించుకుంటాను. ఆ రిపాజిటరీ ఏ కంప్యూటర్నీ ఊరికే లోపలికి రానివ్వదు. దేనికి దానికి అక్షరాలూ అంకెలూ కలిపిన తాళంచెవి చేసి, అక్కడ నమోదు చెయ్యాలి.

చొక్కా వీధి మలుపు తిరగ్గానే పైవాటా టీచరమ్మ తలుపు తట్టాను.

"మీ కంప్యూటర్ కాసేపు వాడుకోనా అక్కయ్యా?"

"దానికేం, కూర్చో. ముఖం అలా ఉందేమిటి?"

"బాగానే ఉందక్కయ్యా. చాన్నాళ్ళకి బాగుంది."

ఆ కంప్యూటర్‌కి కొత్త తాళంచెవి చేశాను. నా పాస్‌వర్డ్‌తో సర్వర్లోకి వెళ్ళి దాన్ని చేర్చాను. ప్రోగ్రామంతా దిగింది, ఒక్క ఫైలూ తగ్గలేదు. అప్పుడు నా ల్యాప్‌టాప్ తాళంచెవిని జాబితాలోంచి తీసేశాను.  హాయిగా అనిపించింది.

కాసేపటికి ఫోన్ మోగింది.

"ఇందులో ప్రోగ్రామే లేదు. నువ్వు దించుకునే చోట నొక్కితే అనుమతి లేదంటోంది," గొంతు తగ్గించి అన్నాడు. "అందరూ తెర వైపే చూస్తున్నారు. ఏం చెయ్యాలో తొందరగా చెప్పు."

"తాళంచెవి నేనే తీసేశాను."

 అవతల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. ముందు ఇది తెరువు."

"దీన్ని మా ఆవిడ రాసిందని వాళ్ళందరికీ చెప్పండి. గట్టిగా, నాకు వినపడేలా. ఆ తర్వాత తెరవాలో వద్దో ఆలోచిస్తాను."