వంటగట్టు మీద తెల్లరాయి

మిట్టమధ్యాహ్నం, అమీర్‌పేటలో గోడ పని సగంలో ఉండగా కృపావరాన్ని పిలిపించారు. తాపీ కడుక్కోకుండానే పంజాగుట్ట దాకా నడిచాడు.

బట్టల వ్యాపారి రాజనర్సయ్య కొత్త బంగళా అది. వంటింట్లో నిలబడి వండుకునే గట్టు కట్టి, దాని మీద తెల్లరాయి పరిచింది కృపావరమే. నెల కూడా కాలేదు. పరిచేటప్పుడు ఆ రాయి మీద మోకాళ్లూని కూర్చున్నాడు. గృహప్రవేశానికి ముందు వంటిల్లు పసుపునీళ్లతో కడిగారు. ఇక క్రైస్తవుడైన మేస్త్రీ గడప దాటకూడదు. బయట నిలబడే లోపలికి చూశాడు.

గట్టు మీద మెరుపు పోయింది. చెంబుల అడుగుల మేర గుండ్రంగా మచ్చలు.

గిన్నెలు తోమే బుచ్చమ్మ గడప పక్కన నిలబడి ఉంది. చేతులు కొంగులో దాచుకుంది.

"చూసినవా మేస్త్రీ," అంది ఇంటామె చంద్రమ్మ. "ఏం పోసిందో, రాయంత ఖరాబు జేసింది. నెలకు నాలుగు రూపాయలిస్తున్న. రాయి పైసలు తీరేదాక ఒట్టిగ చెయ్యమన్న."

"నేనేం పోస్తనమ్మా? చింతపండు, బూడిద. ఇత్తడిని ఇంక దేంతోని తోమాలె? గట్టు మీదనే తోమమని మీరే అంటిరి."

గుత్తేదారు సిద్ధిరాములు సైకిలు గోడకు ఆనించి నవ్వాడు. "చెప్పు కృపావరం. తోముడులనే తప్పున్నదని చెప్పు. రాయికేమైంది, నవాబులు పరుచుకునే రాయి."

నవాబులదే. ఎవరో నవాబు దేవిడీ, పెద్ద మేడ, కట్టగా మిగిలిన పలకలు, ఏళ్లుగా సిద్ధిరాములు దొడ్లో పడి ఉన్నాయి. రాయి ఎంచుకునే రోజు చంద్రమ్మ మూడు ముక్కలు వరుసగా పెట్టించి కృపావరాన్నే అడిగింది. షాబాదు బండ, నల్లరాయి, ఈ పాలరాయి. వంటకు నల్లరాయే. పులుపు తగిలితే మిగతా రెండూ తట్టుకోవు. పని నేర్పేటప్పుడు తండ్రి నిమ్మచెక్క పిండి మరీ చూపించాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. వెనక సిద్ధిరాములు దగ్గాడు. యుద్ధం వచ్చి ఇళ్ల పనులు సగం ఆగిపోయిన రోజులు. "తెల్లదే మంచిగుంటదమ్మా," అన్నాడు కృపావరం. ఆ వారం కూలి రోజుకు రెండణాలు ఎక్కువ ముట్టింది.

"ఏమంటవ్ మరి?" అంది చంద్రమ్మ.

కృపావరం నేల చూశాడు. "ఒక నిమ్మకాయ కొయ్యుండ్రి. గా మూలకు, మచ్చ లేని కాడ మీరే పిండుండ్రి. జరసేపు తుడవకుండ్రి."

సిద్ధిరాములు నవ్వు ఆపాడు. "ఎండ తలకెక్కినట్టున్నదమ్మా వీనికి."

చంద్రమ్మ పిండింది. కాసేపటికి కొంగుతో తుడిచి, వంగి చూసింది. వేలితో రాసి మళ్లీ చూసింది. కొత్త మచ్చ.

"బుచ్చమ్మ తప్పేం లేదు," అన్నాడు కృపావరం. "పులుసు ఒలికినా గంతే అయితది. రాయే గసోంటిది."

"నీకెప్పటి సంది ఎరుక?"

"చిన్నప్పటి సంది."

"మరి గా దినం మంచిగుంటదని ఎందుకన్నవు?"

జవాబులు చాలా ఉన్నాయి. బోరబండ ఇంట్లో తినే నోళ్లు ఐదు. రెండణాలు. సిద్ధిరాములు దగ్గు. బుచ్చమ్మ ఎదుట తాపీకి అంటిన సున్నం గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"రేపటి సంది నా పనిల కనవడకు," అని సిద్ధిరాములు మెల్లగా చెప్పి, సైకిలు తీసుకుని పోయాడు.

"సరే తియ్," అంది చంద్రమ్మ, బుచ్చమ్మ వైపు తిరగకుండానే. "జీతం పట్టుకోనులే. గిన్నెలట్లనే ఉన్నయ్, పో."

బుచ్చమ్మ కదల్లేదు. కొంగులోంచి చేతులు తీసింది. వేళ్ల సందుల్లో చర్మం పులుపుకు ఒరుసుకుపోయి తెల్లగా పొక్కి ఉంది.

"ఇయ్యాల తోమనమ్మా," అంది. తర్వాత కృపావరం వైపు చూసింది. "గీ మాట మొదలే అంటే ఏం పోతుండెనే అన్నా."

అతని పక్కనుంచే నడిచిపోయింది. కృపావరం తలెత్తలేదు. కాళ్ల కింద, గడప ముందు షాబాదు బండ, పులుపుకు అదీ నిలవదు. అదీ అతను పరిచిందే.