పేరు లేని ప్యాంట్లు

రాయదుర్గంలో గౌస్‌బీ ఇంటికి ప్యాంట్లు పేరు లేకుండా వస్తాయి. బళ్ళారిలో ఎక్కడో కుట్టి, ఉతికి, కట్టలు కట్టి పంపుతారు. నడుము పట్టీ మీద లేబుల్ కుట్టే పని మాత్రం ఈమెది. ప్యాంట్లొక చోట, పేర్లొక చోట ఉంటే, అసలు కంపెనీ మనుషులు పోలీసులను వెంటేసుకుని వచ్చినా చేతికేమీ చిక్కదు. రెండూ కలిసేది ఒక ముసలామె వంటింట్లో అని ఎవరికి తడుతుంది? అది ఓనరు చంద్రమోహన్ తెలివి.

అసలు కంపెనీ పేరు హార్విన్. గౌస్‌బీ కుట్టేది హార్వెన్. ఇంగ్లీషులో ఒక్క అక్షరమే తేడా. ఆ ఒక్కదాన్నీ వంకర తిప్పి అచ్చు వేయించారు కాబట్టి కొంచెం ఎడంగా నిలబడి చూస్తే రెండు పేర్లూ కవల పిల్లల్లా ఉంటాయి. గౌస్‌బీ బడి ముఖం చూడలేదు. తెలుగు చదవడం అంగడి పొట్లాల కాగితాల మీద నేర్చుకుంది, ఇంగ్లీషు అక్షరాలు ఈ లేబుళ్ళ మీద.

"ఇది తప్పు గదప్పా మారెప్పా? పట్టుకుంటే?" అని ఆమె ప్రతిసారీ అడిగేది.

కట్టలు తెచ్చే ఆటో మారెప్ప ప్రతిసారీ నవ్వేవాడు. "మా ఊర్లో మారెప్పలు నలుగురుండారవ్వా. ఒగడు తాగి కొట్లాడితే పోలీసోళ్ళు ఇంగొగన్ని ఎత్తుకపోయినారు. మనుషుల్నే పోల్చుకోలేనోళ్ళు ప్యాంట్లను పోల్చుకుంటారా?"

శనక్కాయ చేలు మాడిపోయి, ఊరంతా కుట్టు మిషన్ల మీద పడ్డ సంవత్సరం అది. ఒక మధ్యాహ్నం కట్ట విప్పి ప్యాంటు తిరగేసిన గౌస్‌బీ చెయ్యి జేబు మూలలో ఆగిపోయింది.

కుట్టు చివర అందరూ మిషన్‌ను వెనక్కూ ముందుకూ తొక్కి దారం తెంచేస్తారు. ఇక్కడ మాత్రం రెండు దారాలూ లోపలికి లాగి, ఒక చుట్టు తిప్పి, ముడి వేసి ఉంది. కొసలు చేప తోకలా విచ్చుకుని ఉన్నాయి. అది బొంత ముడి. గౌస్‌బీ తల్లి బొంతలు కుడుతూ వేసేది. తల్లి దగ్గర గౌస్‌బీ నేర్చుకుంది. గౌస్‌బీ నేర్పింది ఒక్కరికే.

ఫరీన్‌కు.

కొన్నేళ్ళ కింద, మొగుడు కొట్టాడని చెయ్యి వాచి పుట్టింటికి వచ్చిన కూతుర్ని "ఆడదానికి ఓర్పుండల్ల" అని తానే బస్టాండు దాకా తీసుకుపోయి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టింది. బస్సు గుంతకల్లు చేరింది. ఫరీన్ అత్తగారింటికి చేరలేదు. ఏ బావిలోనో పడి ఉంటుందని అల్లుడు వెతకడం మానేశాడు. తండ్రి హుస్సేన్ బాషా ఆ దిగులుతోనే పోయాడు. అప్పటినుంచి పేపర్లో గుర్తు తెలియని మహిళ అన్న మాట ఎక్కడ కనపడినా గౌస్‌బీ వేలు పెట్టి కూడబలుక్కుని చివరిదాకా చదివేది.

మర్నాడు మారెప్పను గుమ్మంలోనే పట్టుకుంది.

"ఇవి కుట్టేది బళ్ళారిలో యాడప్పా?"

"నాకేం తెలుసవ్వా! గోడౌన్లో ఎత్తుకుంటా, ఈడ దించుతా. వాళ్ళు నీకు తెలీకూడదు, నువ్వు వాళ్ళకు తెలీకూడదు. ఓనరు పెట్టిన రూలు గదా."

"డ్యామేజీ పీసులు?"

"ఏ చెయ్యి కుట్టిందో ఆ చేతికే పోతాయి. కట్ట మీద గుర్తు ఉంటాది గదా."

ఆ మాట చాలు. మారెప్ప వెళ్ళాక గౌస్‌బీ ఆ జేబు మూల బ్లేడుతో విప్పింది. ఫరీన్ చిన్నప్పటినుంచి కప్పుకున్న బొంత పెట్టెలోంచి తీసి, ఒక మూల కత్తిరించింది. ఆ పేలికను జేబు లోపల పెట్టి కుట్టి, చివర అదే ముడి వేసింది. డ్యామేజీ పీసని చెప్పి, కట్టలో పైకి కనపడేలా పెట్టి పంపాక భయం పట్టుకుంది. డ్యామేజీ అని పిల్లను పనిలోంచి తీసేస్తే? వేరేవాళ్ళు చూస్తే? అసలు అది ఫరీన్ కాకపోతే? ఒకవేళ ఫరీనే అయి, రేపు గుమ్మంలో నిలబడితే ఏం మాట్లాడాలి? బొంత ఎండలో వేసింది. తీసి మడిచింది. మళ్ళీ వేసింది. బళ్ళారి బస్సు వచ్చే వేళకు తలుపు తీసిపెట్టి, దుమ్ము ఇల్లంతా నిండుతున్నా మూయలేదు.

"ఎవురికోసమవ్వా, వాకిలి బార్లా పెట్టినావు?" అంది పక్కింటి నల్లమ్మ.

"గాలికి."

"ఈ గాలి కోసమా! తెరిచినావు సరే, మూసేటప్పుడు నన్ను పిలు, దుమ్ము ఎత్తిపోసేకి."

వారాలు గడిచాక మారెప్ప కట్టలు దించాడు. "నీ డ్యామేజీ పీసు వచ్చిందవ్వా. పైనే ఉండాది చూడు."

గౌస్‌బీ జేబు తిరగేసింది. పేలిక లేదు. తాను విప్పిన మూల వెనక్కూ ముందుకూ తొక్కిన కుట్టుతో పన్ను కరిచినట్టు బిగిసి ఉంది. ముడి లేదు. కింద ప్యాంటు తీసింది, దాని కిందిది తీసింది. కట్టంతా నేల మీద పరిచింది. ఏ జేబులోనూ ముడి లేదు.

"ఆ కుట్టేవాళ్ళు పని మానేసినారా అప్పా?" గౌస్‌బీ అడిగింది.

"లేదే. గుర్తు చూడు, అదే చెయ్యి. ఆడ ఎవురూ మానలేదంట." మారెప్ప ఒక ప్యాంటు ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు. "ఏం, బాగలేదా? అందరి మాదిరే ఉండాదే."

"ఉండాది. అందరి మాదిరే ఉండాది."

పేలిక దాచుకుందో, కత్తిరింపు ముక్కల్లో ఊడ్చి పారేసిందో. బతికి ఉంది. తల్లి చెయ్యి గుర్తుపట్టింది. గుర్తుపట్టాకే తన చెయ్యి మార్చుకుంది.

"సాయంత్రానికి కావల్లంట, బిన్నా కానీ అవ్వా," అని మారెప్ప లేబుళ్ళ పొట్లం ఒడిలో పడేసి పోయాడు.

గౌస్‌బీ లేచి తలుపు మూసింది. మిషన్ ముందు కూర్చుని మొదటి లేబుల్ పట్టీ మీద పెట్టి కుట్టింది. హార్వెన్. చివర దారాలు లోపలికి లాగి, ముడి వేయబోయిన వేళ్ళు ఆగాయి. లాగిన దారాలు వదిలేసి, ఆమె మిషన్‌ను వెనక్కొకసారి, ముందుకొకసారి తొక్కి తెంచేసింది.