రేకు వెనక గోడ

మా దీవిలో సగం ఇళ్లలో కట్టెల పొయ్యి వెనక చెక్కగోడకు రేకు కొట్టింది నేనే. గోడకు ఆనించి, చీమ దూరే సందు కూడా లేకుండా కొట్టేవాణ్ణి. "ఆర్సేనియో చెయ్యి పడితే ఇల్లు కాలదు" అని ఊరంతా అనేది. నేనూ కాదనలేదు.

మొన్న మేము కొత్త పొయ్యి కొన్నాం. బిగించడానికి మా అమ్మాయి నోల్ఫా పువెర్తో మోంత్ పట్నం నుంచి వచ్చింది. అక్కడ రెండేళ్లుగా ఆమెకు ఇదే పని. వస్తూనే వంటగది గోడ చూసి, "నాన్నా, ఈ రేకు పీకేయాలి" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నిన్నగాక మొన్న సుత్తి పట్టావు. నాకు నేర్పుతావా?"

"నేర్పను. చూపిస్తా. దాని వెనక ఏముందో ఎప్పుడైనా చూశావా?"

"చెక్కే. నేను కోసిందే!"

మా ఆవిడ ఒర్ఫెలినా మాతె టీ కలుపుతూ నవ్వింది. "పీకనియ్యవయ్యా. అంత నమ్మకమున్నోడివి, భయమెందుకూ?"

నోల్ఫా రేకు పీకింది. వెనక చెక్క బొగ్గులా ఉంది. వేలితో నొక్కితే పొడి రాలింది.

"వేడంతా రేకులోంచి చెక్కకే పోయింది నాన్నా. ఇన్నేళ్లు మాడిన చెక్క కాస్త వేడికే అంటుకుంటుంది."

గోడకు అటువైపే మేం పడుకునేది. సుత్తి అందుకుని, "ఏం చేయాలో చెప్పు" అన్నాను.

తర్వాత మూడు రోజులు తను చెప్పింది, నేను చేశాను. మాడిన చెక్క తీసేసి కొత్తది వేశాం. పొయ్యి కింద ఇటుకలు పరిచాం. రేకును ఇనుప గొట్టం ముక్కల మీద, గోడకు రెండు వేళ్లు ఎడంగా నిలబెట్టాం.

"ఇంత సందేమిటే, ఎలకలు కాపురం పెట్టడానికా?"

"గాలి ఆడటానికి. కిందా పైనా మూయకు."

నాలుగో రోజు మధ్యాహ్నమంతా పొయ్యి భగభగా మండించాం. సందులోకి చెయ్యి పెట్టి గోడ తడిమాను. చల్లగా ఉంది. నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే నేను రేకు కొట్టిన ఇళ్లన్నీ గుర్తొచ్చాయి.

టోపీ పెట్టుకుని, "పదవే" అన్నాను.

"ఊళ్లో నీ పరువు పోతుంది నాన్నా."

"పోతే పోనీ. ఇళ్లు మిగుల్తాయి."

పక్కింటి ఎరిబెర్తో తలుపు తీశాడు. నోల్ఫా ఇంకా వెనక దారిలోనే ఉంది. పలకరింపు కూడా లేకుండా చెప్పేశాను. "నీ గోడకు రేకు నేను తప్పుగా కొట్టాను. ఎప్పుడైనా అంటుకోవచ్చు. సరిచేయడానికి నాకంటే పనిమంతురాల్ని తెచ్చాను."

"నీకంటేనా? ఎవరయ్యా ఆవిడ?"

"నా కూతురు" అన్నాను, రేవు దాకా వినపడేలా.