ఏడో నంబరు బాతు

బాతుల గదిలో పనిచేసే ఆవిడను అందరూ పిట్టలక్క అనేవారు. పదకొండేళ్లుగా వాటి మేతా నీళ్లూ ఆవిడ చేతి మీదుగానే. ఆ గది పరిశోధన చేసే డాక్టరుగారిది. మగబాతుల మెదడు ముందుభాగాన వాసన పట్టే బుడిపెలు రెండుంటాయి. ఆయన వాటిని తీసేసి నెలనెలా నెత్తురు పరీక్ష చేసేవాడు. ఆడబాతు వాసన తెలియకపోతే, మగదాని ఒంట్లో జతకట్టే కాలపు హార్మోన్ ఊరుతుందా, ఊరదా అన్నదే ఆయన వెతుకులాట.

ఆపరేషనైన మర్నాటి పొద్దుటికి ఏడో నంబరు బాతు చచ్చిపడి ఉంది. తప్పు పిట్టలక్కదే. సాయంత్రం హీటరు వేయడం మరిచి ఇంటికి వెళ్లిపోయింది. అప్పటికే రెండుసార్లు మాటపడ్డ మనిషి. ఈసారి పని ఊడుతుందనుకుంది. చచ్చినదాన్ని చెత్తపొయ్యిలో వేసింది. దాని కాలి రింగు పక్కగదిలో విడిగా పెంచుతున్న ఆపరేషన్ కాని ఓ మగబాతుకు తొడిగి, నెత్తిన ఈకలు కత్తిరించి కట్టు కట్టింది.

వసంతం వచ్చింది. మిగతావాటికి హార్మోన్ అడుగంటింది. ఏడోదానికి పొంగింది.

"అక్కా, వాసనే తెలియనివాడికి ఇదెలా పొంగింది? నా లెక్కంతా తలకిందులు చేశాడు!" డాక్టరుగారు చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

చెప్పేద్దామని నోరు తెరిచింది. "మంచిదేగా సార్" అంది.

రెండేళ్లు ఆయన ఆ ఒక్క బాతునే పట్టుకుని రాశాడు, సభల్లో మాట్లాడాడు. చివరికో రోజు, "బుడిపె మళ్లీ మొలిచిందేమో, కోసి చూస్తా" అన్నాడు.

"వద్దు సార్, వాణ్ణి వదిలేయండి."

"సాకిన ప్రాణం కదా, బాధగానే ఉంటుందిలే."

కోశాడు. ఎముక మీద గాటన్నదే లేదు. బుడిపెలు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. పిట్టలక్క ఏడుస్తూ అంతా చెప్పింది.

"అప్పుడే ఒక్క ముక్క చెప్పుంటే, పోయేది ఒక్క బాతేగా అక్కా" అన్నాడు. తిట్టనుకూడా లేదు.

తర్వాత మిగతా బాతుల లెక్కలూ ఎవరూ నమ్మలేదు. పరిశోధన ఆపేశారు. బాతులన్నిటికీ ప్రాణం తీసే సూది వేయమని పైనుంచి ఉత్తరం వచ్చింది. కొత్తవాళ్లు పట్టుకుంటే బెదురుతున్నాయని పిట్టలక్కనే పిలిచారు. మేత తెచ్చిందనుకుని అవి వాటంతటవే ఆవిడ దగ్గరికి వచ్చాయి.

వారం తిరక్కుండా డాక్టరుగారు గది ఖాళీ చేశాడు. మెట్ల దగ్గర ఎదురుపడితే "సార్" అంది. ఇంకేదో చెబుతుందని ఆయన కాసేపు నిలబడ్డాడు. ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆయన పెట్టె ఎత్తుకుని దిగి వెళ్లిపోయాడు.