హియెన్ వేయించిన నేల

“ఆ మూల సరిగ్గా తుడువు. అది నా కూతురు వేయించిన నేల” అంది అత్తగారు ఊయల్లో పడుకునే.

ఆ మాట వినని పొద్దు లేదు థోవాకి. తను కాపురానికొచ్చిన కొత్తలో ఇది కర్ర స్తంభాల మీద నిలబడ్డ పలకల ఇల్లు. వరద కాలంలో పలకల సందుల్లోంచి కింద నీళ్లు కదలడం కనపడేది. ఆడపడుచు హియెన్ పెళ్లి చేసుకుని సరిహద్దు దాటి చైనా వెళ్లాక ఇటుక గోడలు లేచాయి, తెల్ల టైల్సు పరుచుకున్నాయి. ఊళ్లో ఆడవాళ్లు ఈ ఇంటి ముందు నుంచి పోతూ పిల్లలకి చూపించేవాళ్లు, కూతురంటే అలా ఉండాలే అని. ఇల్లు హియెన్ కట్టించింది, గొప్ప అత్తగారిది, తడిగుడ్డ మాత్రం థోవాది. పొద్దున్నే ఒకసారి, బడిలో పాఠాలు చెప్పి వచ్చాక ఒకసారి. తెల్ల టైల్సుకి ఒక గుణం ఉంది, ఎంత తుడిచినా తుడిచినవాళ్ల కాలి గుర్తే ముందు కనపడుతుంది.

ఆ రోజు మామగారి తద్దినం. తెల్లారకముందే లేచి బాతులు కోసి, వరదనీళ్లతో కొట్టుకొచ్చిన సన్నచేపలు రెండు బుట్టలు తోమి, పులుసులోకి జీలుగ పూలు దూసి, అరిటాకుల్లో చుట్టిన బియ్యపుండలు ఆవిరికి పెట్టింది. మొగుడు దాత్ అద్దం ముందు తల దువ్వుకుంటూ, “ఎలాగూ బడికి సెలవు పెట్టావుగా, తీరిగ్గా చేసుకో” అన్నాడు. తీరిగ్గా అన్న ఆ మాట పొయ్యి దగ్గర థోవాతో పాటే కూచుంది మధ్యాహ్నం దాకా.

చెయ్యి సాయానికి లాయ్‌ని పిలిచింది. లాయ్‌కి పదహారేళ్లు. తండ్రి ఇసక పడవల మీద నెలల తరబడి తిరుగుతాడు, తల్లి చేపల ఫ్యాక్టరీలో పొలుసు గీకుతుంది. వాళ్ల సందులో ఇప్పటికే ఇద్దరాడపిల్లలు పనికని పోయి మళ్లీ కనపడలేదు. అలాంటి ఇళ్ల పిల్లల్ని బడి మానకుండా నిలబెట్టాలని నగరంలో ఒక సంస్థ స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఫీజు, బడికేసుకునే తెల్ల పొడుగు చొక్కాలు, ఒక సైకిలు. బదులుగా పిల్లలు గురువారం సాయంత్రం విలువల పాఠానికి కూచోవాలి. ఆ పాఠం చెప్పే పని హెడ్మాస్టరు థోవా నెత్తిన పెట్టాడు. “ఆడపిల్లల వ్యవహారం కదా, నువ్వయితే బాగుంటుంది” అని. జీతం ఊసెత్తలేదు. థోవా అడగలేదు కూడా, అడిగితే ఏమనుకుంటారో అని. సంస్థవాళ్లు చెప్పమన్నది ఒకటే: కొత్త మనుషుల్ని నమ్మొద్దు, ఊరు దాటిస్తానంటే వెళ్లొద్దు. దానికి తను మరి నాలుగు మాటలు కలిపింది. పెద్దలు పిలిస్తే అలాగేనండీ అనాలి, ఎదురు చెప్పకూడదు, పెద్దల పనిలో చెయ్యి వెయ్యడం కూడా చదువే. తనకి వాళ్లమ్మ చెప్పినవే. ఆ చదువు పేరుతోనే లాయ్ ఇవాళ ఈ వంటింట్లో గిన్నెలు తోముతోంది.

మగవాళ్లు ముందు గదిలో చాపల మీద కూచుని సారా పోసుకుంటున్నారు. ఆడవాళ్లు వెనక వసారాలో. వాళ్లలో నామ్ పిన్ని కూడా ఉంది. ఆవిడ చుట్టమేం కాదు. హియెన్ సంబంధం కుదిర్చింది ఆవిడే. ఆ ఏడు నుంచీ ప్రతి తద్దినానికీ వస్తుంది, దండం పెట్టుకుంటుంది, పుష్టిగా తింటుంది. చేతికి పచ్చరాతి గాజు, మెళ్లో గొలుసు. లాయ్ పళ్లెం తెచ్చి వంగి పెడుతుంటే ఆవిడ తినడం ఆపింది.

“ఎవరిదమ్మా ఈ పిల్ల? చేతులు చూడండి, ఎంత పనిమంతురాలో.”

“నా దగ్గర చదువుకుంటోంది పిన్నిగారూ” అంది థోవా. ఆ ఇంట్లో తనది అని చెప్పుకోడానికి దొరికిన ఒక్క వస్తువు అది, అందుకే గొంతు కాస్త పెద్దదైంది. “బంగారం. ఇంతవరకూ ఏ మాటకీ కాదనలేదు.”

“ఈ రోజుల్లో అలాంటివెక్కడ దొరుకుతాయే” అంది నామ్ పిన్ని, లాయ్‌ని పాదాల దాకా చూస్తూ. పోతూ పోతూ బియ్యపుండల సంచి అందించి, “రేవు దాకా పట్టుకురా తల్లీ” అంది. లాయ్ టీచర్ వంక చూసింది.

“వెళ్లు, సాయం చెయ్యి” అంది థోవా.

ఆ గురువారం లాయ్ రాలేదు. బడి వదిలే వేళకి లాయ్ చెల్లెలు సైకిలు నడిపించుకొచ్చి గోడకి ఆనించింది. “అక్క ఇచ్చెయ్యమంది టీచర్. ఇంక బడికి రాదంట. నామ్ బామ్మతో చౌ దోక్ పట్నం వెళ్తదంట, కాఫీ కొట్లో పనికి. తర్వాత మంచి సంబంధం చూస్తదంట.”

థోవా చేతిలో సుద్దముక్క విరిగింది. హియెన్ కూడా ముందు వెళ్లింది చౌ దోక్‌లో కాఫీ కొట్టుకే. ఆ తర్వాతి సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. కిందటేడు అందరూ పెళ్లికెళ్లినప్పుడు ఫోన్ మోగితే థోవా తీసింది. “వదినా, అమ్మకివ్వకు” అంది హియెన్. “ఇది మూడో ఇల్లు. మొదటివాళ్లు ఇంకొకళ్లకి ఇచ్చేశారు, వాళ్లు వీళ్లకి. పిల్లాణ్ని మాత్రం అక్కడే ఉంచుకున్నారు.” ఎవరి అలికిడో అయి కట్ చేసేసింది. ఆ రాత్రి దాత్‌తో చెబితే అతను గోడవైపు తిరిగి, “అమ్మకి చెప్పకు, తట్టుకోలేదు. ఇల్లు కూడా కట్టేశాక ఇప్పుడెందుకు?” అన్నాడు. థోవా అలాగేనంది. అనడం తనకి బాగా వచ్చిన పని. మర్నాడు లేచి మళ్లీ ఆ నేలే తుడిచింది.

కొత్త మనుషుల్ని నమ్మొద్దని పిల్లలకి పాఠం చెప్పింది సరే, ఆ మనిషిని పాతమనిషిని చేసిందెవరు? తన వంటింట్లో, తన చేత్తో వడ్డించి, పిల్లని పిలిచి చూపించి, కాదనడం రాదని పూచీ ఇచ్చిందెవరు? ఆ సైకిలే ఎక్కి లాయ్ ఇంటికి కట్ట మీద తొక్కుతుంటే మొహం మీద గాలి కొడుతున్నా సిగ్గుతో చెవులు మండుతూనే ఉన్నాయి.

స్తంభాల మీది లాయ్ వాళ్లింటి నిచ్చెన కింద చెప్పులు విడుస్తూ థోవా ఆగింది. అక్కడ పచ్చరంగు చెప్పులు, వాటి పక్కన బాగా తెలిసిన రబ్బరు చెప్పులు. లోపల నామ్ పిన్ని బాసింపట్టు వేసుకుని కూచుంది. ఆవిడ పక్కనే తమలపాకు నముల్తూ అత్తగారు.

లాయ్ తల్లి ఎదురొచ్చింది, చేతులింకా చేపల వాసన. “రండి టీచరమ్మా. చూశారా, మీ అత్తగారు మా ఇంటికొచ్చారు. మా బతుక్కి అదే ఎక్కువ.”

“లాయ్‌ని పంపకండి” అంది థోవా.

“అదేంటమ్మా? కొత్తవాళ్లని నమ్మొద్దని మీరే చెప్పారంట, నమ్మలేదు. కిందటేడు ఒకడొస్తే తరిమేశాను. ఈవిడ కొత్తావిడా? మీ ఇంట్లో తద్దినం భోజనం చేసే మనిషి. పరాయివాళ్లని ఎవరైనా పితృదేవతల ముందు కూచోబెడతారా? అది చూసేగా నేను సరేనన్నది.”

అంతలో లాయ్ టీ కప్పులు పళ్లెంలో పెట్టుకొచ్చింది, తలొంచుకుని, రెండు చేతులా పట్టుకుని, తను నేర్పినట్టే.

“లాయ్, నీకు వెళ్లాలనుందా?”

పిల్ల తల్లి వంక చూసింది, పెద్దవాళ్లిద్దరి వంకా చూసింది, చివరికి టీచర్ వంక. “మీరెలా చెప్తే అలాగే టీచర్.”

ఏ విలువల క్లాసులోనైనా దానికి పదికి పది మార్కులొచ్చే జవాబు అది. థోవాకి అక్కడే నేలలోకి కుంగిపోవాలనిపించింది.

“ఆ పిల్లకున్న బుద్ధి పెద్దవాళ్లకి లేకపోయె” అని నవ్వింది నామ్ పిన్ని. “మా హియెన్‌ని చూడండి, రాణిలా ఉంది. వాళ్లింట్లో అడుగుపెడితే కాలు జారుతుంది, అలాంటి నేల వేయించింది పుట్టింటికి.”

“హియెన్‌ది పెళ్లి కాదు” అంది థోవా. “అమ్మేశారు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, అక్కణ్నించి మరొకళ్లకి. కడుపున పుట్టినవాణ్ని కూడా ఉంచుకోనివ్వలేదు. తనే చెప్పింది నాతో. మా ఇంటి టైల్సు చూసి మీరు పిల్లనిస్తుంటే చెప్పకుండా ఉండలేను. నేను రోజూ తుడిచేది ఆ అమ్మిన డబ్బునే.”

“ఆడపడుచు బాగుపడితే వదినకి కుళ్లు. ఏ ఇంట్లో లేదులే” అంది నామ్ పిన్ని, నవ్వు చెరగకుండానే. “ఏమ్మా, నీ కూతురు సంగతి నువ్వు చెప్పు. నీ కోడలి నోరు మూయించు.”

అందరూ అత్తగారి వంక చూశారు. ఆవిడ ఒక్క మాటంటే చాలు, థోవా అబద్ధాలకోరయిపోయేది. ఆవిడ ఆకుముద్దని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చింది. పలకల సందులోంచి కింది నీళ్లలోకి చూస్తూ కూచుంది.

లాయ్ తల్లికి ఆ మౌనం అర్థమైంది. “వాళ్ల నాన్న రానీండి, అప్పుడు చూద్దాం” అంది నెమ్మదిగా, కూతురి పక్కకి జరుగుతూ.

నామ్ పిన్ని లేచి బట్టలు సర్దుకుంది. “భోజనం పెట్టి మరీ అవమానిస్తారని తెలియదు” అంది అత్తగారితో. తర్వాత అలవాటుగా సంచి చాపింది. “రా తల్లీ, రేవు దాకా పట్టు.”

లాయ్ పళ్లెం మీంచి చేతులు తియ్యలేదు. సంచి అలా గాల్లోనే కొంతసేపు ఉండి, తిరిగి ఆవిడ భుజానికే వెళ్లింది.

సైకిలు నిచ్చెన దగ్గరే వదిలేసి థోవా కట్ట మీద అత్తగారి వెనకాల నడిచింది. వరదనీళ్లు రెండు పక్కలా ఎర్రగా ఉన్నాయి. ఇంటికెళ్లాక జరగబోయేది తెలుసు. దాత్ అరుస్తాడు, ఊరంతా నాలుగు రోజులు నములుతుంది, ఆ ఇంట్లో తనకి చోటు ఉంటుందో ఉండదో. సగం దూరం వచ్చాక అత్తగారు వెనక్కి తిరక్కుండానే అడిగింది.

“నీకెప్పుడు చెప్పింది?”

“కిందటేడు, అత్తయ్యా.”

“నాకు మొదటి ఏడే చెప్పింది.” ఆవిడ ఆకుముద్ద నీళ్లలోకి ఊసేసింది. “అమ్మా, వచ్చి తీసుకుపో అంది. అప్పటికి గోడలు లేచాయి. పైకప్పు వెయ్యడం మిగిలింది.”

ఇల్లొచ్చింది. వాకిట్లో నీళ్లకుండ ఉంది, రోజూ ఆవిడే అందరిచేతా కాళ్లు కడిగించేది. థోవా కుండ దాటి, బురదకాళ్లతోనే తెల్ల టైల్సు మీద నడిచి లోపలికెళ్లింది. గూట్లో ఉన్న ఫోన్ తీసుకుని మళ్లీ అదే దారిన గుమ్మంలోకొచ్చింది. అత్తగారు గుమ్మం బయటే నిలబడి ఆ అడుగుల్ని చూస్తోంది. తుడవమనలేదు.

థోవా ఫోన్ ఆవిడ చేతిలో పెట్టింది.

“హియెన్‌కి చెయ్యండి అత్తయ్యా. తను అడిగినదానికి జవాబు చెప్పండి.”